చీర కట్టించారు సరే, గడ్డం ఎందుకు ఉంచమన్నారు?

టీవీ కామెడీ షోలు తీసే నిర్మాతలకు, డైరెక్టర్లకు, స్కిట్లు రాసే మిత్రులకు నమస్కారం.

నేను మేకప్ మనిషిని. పద్యనాటకాలకు వేషాలు వేసి బతికినవాణ్ణి. కాంట్రాక్టు నాటకాలు పలచబడ్డాక అప్పుడప్పుడూ టీవీ షూటింగులకు కూడా వస్తున్నాను. మీలో కొందరికి నా మొహం తెలుసు, పేరు తెలిసి ఉండదు. సెట్లో అందరూ నన్ను బాబాయ్ అంటారు. ఆ చనువుతోనే రాస్తున్నాను, ఎవరి మీదా కోపంతో కాదు.

పోయినేడాది ఒక షూటింగులో ఒక కుర్రాడికి లేడీ గెటప్ వేయాల్సి వచ్చింది. భార్య పాత్ర. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు తువ్వాలు చుట్టి, షేవింగ్ సామాను తీశాను. రెండు రోజుల గడ్డం ఉంది. స్కిట్ చూసుకునే ఆయన అటుగా వచ్చి, "గడ్డం ఉండనీ బాబాయ్, నవ్వొచ్చేదే దానికి" అన్నాడు. సరేనని బ్లేడు పెట్టెలో పెట్టేశాను. పట్టుచీర, ముక్కుపుడక, తలలో రెండు మూరల మల్లెపూలు, బుగ్గల నిండా గడ్డం. కుర్రాడు అలా నడిచి రాగానే జనం విరగబడి నవ్వారు. అతను ఇంకా నోరు కూడా విప్పలేదు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తరువాత స్కిట్ నడిచింది. ఆ భార్యకు ఒక పేరుందో లేదో నాకు గుర్తు లేదు. నాలుగుసార్లు వంగోబెట్టి వీపు మీద గుద్దారు, రెండుసార్లు తన్నారు, ఒకసారి సవరం ఊడబీకారు. ఆ మూడు పనుల మీదే ఆరు నిమిషాలు గడిచిపోయింది.

ఇప్పుడు మీకు ఇంకొకాయన సంగతి చెప్పాలి. నేను మా మేనమామ దగ్గర పెట్టె మోస్తూ పని నేర్చుకునే రోజుల్లో మావైపు ఒకాయన హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషానికి పేరుపడ్డాడు. పగలు వ్యవసాయం, రాత్రి నాటకం. చేతులు చూస్తే నాగలి పట్టిన చేతులే, కణుపులు లేచి ఉండేవి. నాటకం రాత్రి పదికి మొదలైతే ఆయన సాయంత్రం ఆరింటికే వచ్చి కూర్చునేవాడు. గడ్డం రెండుసార్లు గీయించుకునేవాడు, ఒకసారి వాలుకి, ఒకసారి ఎదురుకి. అర్దళం, సఫేదా రంగులు కొబ్బరినూనెలో కలిపి పట్టించాక అద్దం ముందు ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. చీర కట్టేముందు మోకాళ్ల పైన తువ్వాలు బిగించి కట్టుకుని, పాక వెనకాల అటూ ఇటూ నడిచేవాడు. అడుగు చిన్నదయ్యేదాకా నడిచి, తువ్వాలు విప్పేసి, అప్పుడు చీర కట్టుకునేవాడు. నేను ఒకసారి చీర కట్టడం నేర్పమని అడిగితే, "కట్టడం పది నిమిషాల్లో వస్తుందిరా, నాకు అందులో కూర్చోవడానికి పదేళ్లు పట్టింది" అన్నాడు.

కాటిసీను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. లోహితాస్యుణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చునేవాడు. ఏడ్చేముందు ఒక పని చేసేవాడు. పైట చెంగుతో పిల్లాడి మొహం మీద ఈగలు తోలేవాడు. అక్కడ ఈగలుండేవి కావు. హార్మోనియం ఆయన చేతులు ఆపేసేవాడు. ముందు వరసలో ఆడవాళ్ల ఏడుపు ఒక్కటే వినబడేది. ఒకసారి నాటకం అయ్యాక ఒక ముసలావిడ కుంకుమ భరిణె పట్టుకుని, చంద్రమతమ్మకు బొట్టు పెడతానని స్టేజీ వెనక్కి వచ్చింది. ఈయన చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, బీడీ కాలుస్తున్నాడు. ఆవిడ గుమ్మంలో ఆగిపోయి, "ఓరి నీ దుంపతెగ" అని పకపకా నవ్వింది. నవ్వి, దగ్గరికొచ్చి బొట్టు పెట్టే వెళ్లింది.

ఆ నవ్వు, మీ సెట్లో గడ్డం చూసి వచ్చిన నవ్వు ఒకటేనా? నేను ఈ ఉత్తరం రాయడానికి ఆ అనుమానమే కారణం.

మీరు చేసేది కొత్తదేం కాదు. మన వేదికకు ఆడవేషం లేనిదే పూట గడవని కాలం ఒకటుండేది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఒక ఊపు ఊపారు. శ్రీకృష్ణ తులాభారంలో 'మీరజాలగలడా నా యానతి' పాట ఆయన రాసుకున్నదే. ఆ ఒక్క పల్లవినే తిప్పి తిప్పి పాడుతూ, ఒకసారి గర్వం, ఒకసారి వెటకారం, ఒకసారి ముద్దు చూపించేవారని మా మేనమామ చెప్పేవాడు. 1966లో సినిమా తీసినప్పుడు అదే పాటను సుశీల గారు పాడారు, తెర మీద జమున గారు అభినయించారు. ఇవాళ ఆ పాట అనగానే మనకు జమున గారే గుర్తొస్తారు. మగవాడు తన సత్యభామ కోసం రాసుకున్న పాట ఆడమనిషికి అంత చక్కగా అతికిందంటే, ఆయన ఆ పాత్ర లోపలికి ఎంత దూరం వెళ్లి ఉండాలి! 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది ఇంకో దారి. సత్యభామ, ఉష ఆయన పాత్రలు. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి ముందు జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. మొహం కనబడకముందే జడ కనబడుతుంది. నాతో పోటీకి వచ్చి గెలిస్తే ఈ జడ కోసి ఇస్తానని సవాలు అది. 'భామనే సత్యభామనే' అంటూ పాడుకుంటూ వచ్చే పాటే ప్రవేశ దరువు. జనం వేచి చూసేది ఆ జడ కోసమే. మీ సెట్లో ఊడబీకిన సవరం కూడా జడే కదా. అందుకే ఆ రోజు నాకు అది తగిలింది.

ఎన్టీ రామారావు గారి కథ మీరందరూ వినే ఉంటారు. విజయవాడ కాలేజీలో రాచమల్లు దౌత్యం నాటకంలో ఆడవేషం ఇస్తే, మీసం తీయనని పట్టుబట్టి అలాగే ఆడారట. మీసాల నాగమ్మ అని పేరు పడింది. అక్కినేని గారేమో నాటకాల్లో ఆడవేషాలు వేసే పైకొచ్చారు. మన సినిమాకు రెండు కళ్లు అనుకునే ఇద్దరూ చీర గడప దాటినవాళ్లే. ఒకరు మీసంతో దాటారు, ఒకరు లేకుండా దాటారు. గడ్డం ఉంచిన మీ డైరెక్టరు మీసాల నాగమ్మను చూపించి తప్పించుకోవచ్చు. కానీ అక్కడ ఆ కుర్రాడి మీసం ఆ కుర్రాడి పట్టుదల. ఇక్కడ ఈ కుర్రాణ్ణి ఎవరూ అడగలేదు.

అయితే పాత రోజులన్నీ బంగారమని నేను అనడం లేదు. అలా రాస్తే మా మేనమామే పైనుంచి మొట్టికాయ వేస్తాడు. మగాళ్లు ఆడవేషాలు కట్టింది కళ మీద ప్రేమ ఒక్కదానితోనే కాదు. సంసారుల ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కితే పరువు పోతుందనుకున్నారు, అందుకని మగాళ్లు ఎక్కారు. కూచిపూడిలో ఆ హక్కు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లకే ఉండేది. అదే భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఆడవాళ్లు ఆడేవారు. మగవాడు సత్యభామ కడితే ఆహా అన్న ఊరే, ఆ ఆడమనిషి అదే సత్యభామ కడితే ఇంకో పేరు పెట్టింది. 1947లో దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చాక వాళ్ల ఆట ఆగిపోయింది, మగ సత్యభామలకు మాత్రం సన్మానాలు జరుగుతూనే ఉన్నాయి. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలకు విస్తారంగా నేర్పాక గానీ శోభానాయుడు గారి లాంటి సత్యభామలు రాలేదు. సురభి వాళ్లది మాత్రం మొదటి నుంచీ వేరే లెక్క. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన ఆ కుటుంబ నాటక సమాజంలో ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా కనిపించిన కమలాబాయి గారు ఆ ఇంటి మనిషే.

"ఆడవాళ్లే ఈయన్ని చూసి నేర్చుకోవాలి" అని పెద్ద వేషగాళ్లను పొగిడేవారు. మా చంద్రమతి గారికి ఆ మాట నచ్చేది కాదు. "నేను మా అమ్మను చూసి నేర్చుకున్నా, ఎవరికి నేర్పుతాను" అనేవాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, మీ షోలకు నేరుగా సంబంధించింది. ఇటు కోస్తాలో మగవాళ్ల ఆడవేషాలకు వన్స్‌మోర్లు పడుతున్న కాలంలోనే, అటు నిజాం రాజ్యంలో 1919లో ఒక చట్టం తెచ్చారు. హిజ్రాలు ఆడబట్టలు, నగలు వేసుకుని వీధిలో కనబడినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. చీర కట్టి ఆడడం ఒకడికి కళ, ఒకరికి నేరం. ఆ చట్టం ఎప్పుడో పోయి ఉంటుందనుకున్నాను. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పినా, ఇంకో తొమ్మిదేళ్లు ఆ చట్టం పుస్తకాల్లో ఉంది. అంటే మీ స్కిట్లలో చప్పట్లు కొట్టి డబ్బులడిగే పాత్రను పెట్టి, దానికి ఆ పాత బూతు పేరు పెట్టి నవ్వించిన రోజుల్లో కూడా, హైదరాబాద్ వీధుల్లో ఆ మనుషుల బట్టలు కాగితం మీద నేరమే. మీకు తెలిసి చేశారని నేను అనను. నాకూ తెలియదు. ఎన్నో చప్పట్ల పాత్రలకు నేనే లిప్‌స్టిక్ దిద్దాను.

సినిమాలు కూడా ఇదే దారిలో నడిచి వచ్చాయి, దాని మీద ఎక్కువ చెప్పను. నరేష్ గారు, రాజేంద్రప్రసాద్ గారు పూర్తి సినిమా ఆడవేషంలో లాగించి నవ్వించారు. కమల్ హాసన్ గారి తమిళ సినిమాను తెలుగులోకి దించినప్పుడు 'భామనే సత్యభామనే' అనే పేరే పెట్టారు. వాటిలో కూడా నేటి కళ్లతో చూస్తే ఇబ్బందిపెట్టేవి ఉన్నాయి. కానీ ఆ కథల్లో చీర కట్టినవాడికి ఒక అవసరం ఉండేది, దొరికిపోతానేమోనని టెన్షన్ ఉండేది, ప్రేక్షకుడికి అతను దొరకకూడదని ఉండేది. దొరకకూడదని మనం కోరుకున్నామంటే ఆ వేషం పట్ల మనకు ఒక పక్షపాతం ఉన్నట్టే. మీ స్కిట్లో అతను మొదటి క్షణంలోనే దొరికిపోయి ఉంటాడు. గడ్డం ఉంచింది అందుకే.

నేను హాస్యానికి శత్రువుని అనుకోకండి. తోలుబొమ్మలాటలో బంగారక్క, కేతిగాడు మాట్లాడుకునే మాటలు మీ స్కిట్లలో వస్తే మీ చానెల్ బీప్ వేయాల్సి వస్తుంది. మోటు హాస్యం మన సొత్తే. కానీ బంగారక్క తిడితే కేతిగాడికి నోరు పెగలదు. ఆమె తన్నులు తినడానికి రాదు, నాలుగు అంటించడానికి వస్తుంది.

ఇప్పుడు ఆడ ఆర్టిస్టులకు కొదవ లేదు కదా, మరి ఇంకా మగవాళ్లకే చీర ఎందుకు కట్టిస్తున్నారని మీ కో-డైరెక్టర్ని ఒకరిని అడిగాను. నిజం చెప్పాడు. "ఆడవాళ్లను అలా కొడితే గొడవవుతుంది బాబాయ్. ఆ డైలాగులు వాళ్లతో చెప్పించలేం." అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ఒకప్పుడు ఆడమనిషి స్టేజీ మీదికి రాకుండా ఉండడానికి మగవాడికి చీర కట్టారు. ఇప్పుడు ఆడమనిషిని తన్నడానికి వీలుగా మగవాడికి చీర కడుతున్నారు. లోపల మగవాడున్నాడు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఇంట్లో టీవీ ముందు అన్నం తింటూ కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లాడికి కనబడేది చీర, గాజులు, బొట్టు పెట్టుకున్న ఒక మనిషి తన్నులు తినడం, దానికి వాళ్ల నాన్న నవ్వడం.

ఇక ఆ వేషం కట్టిన కుర్రాడి సంగతి. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఊళ్లో కోలాటం ఆడేవాడు, అక్కడ ఆడవేషం బాగుందన్నారు, సిటీకి వచ్చాడు. టీవీలో కనబడడం మొదలయ్యాక మూడు ఇళ్లు మారాడు. ఒక ఇంటి ఓనరు పిల్లలున్న ఇల్లు అన్నాడట. రాత్రి పదకొండు దాటాక తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి, ఎంత తీసుకుంటావని. పెళ్లి సంబంధం ఒకటి కుదిరినట్టే కుదిరి, వాళ్ల మేనమామ ఫోన్లో వీడియో చూపించగానే చెడిపోయింది. "నేను మగాణ్ణే బాబాయ్, అది చెప్పుకోవాల్సి రావడమే సిగ్గుగా ఉంది. అలా చెప్తే ట్రాన్స్ వాళ్లను నేను తక్కువ చేసినట్టుంటుంది కదా" అన్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు. నాకు జవాబు తోచలేదు. స్కిట్ రాసేవాళ్లు ఆ ఒక్క మాట చుట్టూ ఎంత రాయొచ్చో ఆలోచించండి. నవ్వుకి కూడా లోటుండదు, ఇంటి ఓనరు ఒక్కడు చాలు.

లేడీ గెటప్‌లు మానేయమని అడగడానికి రాలేదు. మానేస్తే ఆ కుర్రాడి పొట్ట కొట్టినట్టు, నా పొట్ట కూడా కొట్టినట్టు. ఆ వేషానికి ఒక పేరు పెట్టండి, ఒక ఊరు పెట్టండి, దానికి ఏం కావాలో రాయండి. భార్య వేషమైతే ఆ భార్యకు ఒక్క స్కిట్లోనైనా చివరి పంచ్ ఇవ్వండి. ఎవరైనా ఆమెను తన్నాల్సి వస్తే, చీర కట్టిన ఆడ ఆర్టిస్టుతో ఆ సీను తీస్తారా అని మీలో మీరు ఒకసారి అడగండి, తీయలేమంటే కొట్టేయండి. ఆ బూతు పేరు స్క్రిప్టులో ఎక్కడ కనబడినా తీసేయండి, దానికి బదులు చప్పట్లతో సరిపెడదామనుకోకండి. ట్రాన్స్ పాత్రే కావాలంటే ట్రాన్స్ ఆర్టిస్టులున్నారు, పిలవండి. భరతనాట్యంలో నర్తకి నటరాజ్ గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటకలో జోగతి నృత్యం చేసే మంజమ్మ గారు 2021లో పద్మశ్రీ అందుకోవడానికి వెళ్లి, రాష్ట్రపతికి తన చీరచెంగుతో దిష్టి తీశారు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. ఆయన నవ్వుతూ నిలబడ్డారు, హాలంతా చప్పట్లు కొట్టింది. మీ స్కిట్లలో పెట్టే చప్పట్లు కావవి.

హైదరాబాద్‌లోనే డ్రాగ్ అనే పేరుతో, ఆడవేషం కట్టి ప్రదర్శనలిచ్చే కొత్త ఆర్టిస్టులు వస్తున్నారు. పట్రుని చిదానంద శాస్త్రి గారి లాంటివాళ్లు శాస్త్రీయ నృత్యం నేర్చుకుని ఆ దారిలో వెళ్తున్నారు. కొందరు మొహానికి వేసుకునే రంగులు చూస్తే నాలాంటి పాతకాలం వాడికి మొదట కళ్లు తిరిగాయి. మా వాళ్లు మగతనాన్ని దాచేవారు. వీళ్లు దాచరు, ఆడతనాన్నీ దాచరు, రెండూ ఒకే మొహం మీద ఉంచుతారు. అందులో కూడా కొందరు గడ్డం తీయరు! చూశారా, చివరికి నా వాదన నేనే చెడగొట్టుకున్నాను. కానీ అక్కడ గడ్డానికి కూడా తళుకులు అద్దుతారు. దాన్ని ఎవరు ఉంచుకున్నారో, ఎందుకు ఉంచుకున్నారో చూడగానే తెలుస్తుంది.

వచ్చే నెల మీ షెడ్యూల్లో ఆ కుర్రాడికి మళ్లీ భార్య వేషమే ఉందని చెప్పాడు. మేకప్‌కి నన్నే పిలిచారు. మామూలుగా గంట టైమ్ ఇస్తారు, ఈసారి రెండు గంటలివ్వండి, ఆ రెండో గంటకు నాకు డబ్బులక్కర్లేదు. సవరం నా దగ్గర మంచిది ఉంది, మా మేనమామ నాటిది, ఊడబీకితే మాత్రం ఊరుకోను. మోకాళ్లకు కట్టడానికి తువ్వాలు కూడా తెస్తాను. కొత్త బ్లేడు ప్యాకెట్ ఇప్పటికే పెట్టెలో వేసుకున్నాను.

ఇట్లు,
మీ సెట్లో బాబాయ్